‘చదివినావా?’ అని అడక్కండి

మా కోయిలకుంట్లలో పొద్దుగూకిందంటే ప్రతి ఇంట్లోంచీ ఒకటే ప్రశ్న వినిపిస్తుంది. “ఏం పిల్లా, చదివినావా?” లోపల్నించి ఒకటే జవాబు. “చదివినామ్మా.” అంతటితో తల్లి బాధ్యతా తీరింది, పిల్ల బాధ్యతా తీరింది. తల్లి పొయ్యి దగ్గరికీ, పిల్ల టీవీ దగ్గరికీ (ఈ రోజుల్లో సెల్లు దగ్గరికీ అనాలి) వెళ్ళిపోతారు. నేనూ నా ఇద్దరు పిల్లల్ని పదేళ్ళపాటు ఇదే ప్రశ్న అడిగి పెంచినదాన్నే. కనుక ఇప్పుడు ఎవరి కొంగు దులపాలన్నా ముందు నా కొంగే దులుపుకోవాలి.

చెప్పొద్దూ, ఆ ప్రశ్నంత పనికిమాలిన ప్రశ్న మన ఇళ్ళల్లో ఇంకొకటి లేదు. మరీ ముఖ్యంగా ఇంగ్లీషు విషయంలో. కోపం తెచ్చుకోకుండా కాస్త వినండి.

మా వీధి చివర జాకెట్లు కుట్టే ఆవిడ ఒకావిడ ఉంది. మొన్న వేసవిలో పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. పిల్ల లెక్కలు, సైన్సు, సోషలు, తెలుగు అన్నీ గట్టెక్కింది. ఇంగ్లీషులో మాత్రం 31. పాసు కావాలంటే 35 రావాలి. హిందీకైతే 20 వచ్చినా చాలంటారు గానీ ఇంగ్లీషుకు ఆ దయ లేదు.

“వాళ్ళ నాయన ఇంగ చదువు చాలంటాండాడక్కా. ఆళ్ళగడ్డ కాడ సంబంధమొకటి ఉందంట. ఇప్పుడు మాట అనుకుంటే రెండేండ్లకు చేసుకోవచ్చంట” అంది. చట్టం 18 ఏళ్ళు నిండాలంటుంది కదా, అందుకని ఈ ‘మాట అనుకోవడం’ అనే సందొకటి కనిపెట్టారు మనవాళ్ళు.

నాలుగంటే నాలుగు మార్కులు! మగపిల్లవాడు తప్పితే ట్యూషన్ వెతుకుతారు, ఆడపిల్ల తప్పితే సంబంధం వెతుకుతారు. ఈ మాట అన్నందుకు మీలో కొందరు నొచ్చుకోవచ్చు. నొచ్చుకున్నవాళ్ళు తమ చుట్టాల్లో ఒక్కసారి లెక్కపెట్టి చూసుకుని, అప్పుడు నా మీదికి రండి.

సప్లిమెంటరీకి నెలరోజులు కూడా లేదు. పిల్లని కూర్చోబెట్టి అడిగాను.

“నీకేం రాదమ్మా?”

“ఇంగ్లీషు రాదు పెద్దమ్మా.”

“ఇంగ్లీషులో ఏం రాదు?”

“ఏమీ రాదు. అంతా రాదు.”

“మరి 31 ఎట్లా వచ్చాయి?”

ఆ పిల్ల నా మొహంలోకి అట్లాగే చూసింది. పదేళ్ళ చదువులో ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు.

జబ్బు ఇక్కడుంది. పదేళ్ళు బడికి పోయిన పిల్లకు తనకేం వచ్చో తెలియదు, ఏం రాదో అంతకన్నా తెలియదు. డాక్టరు దగ్గరికి పోయి “ఒళ్ళంతా నొప్పి” అంటే ఆయన మాత్రం ఏం మందిస్తాడు? మన ఊళ్ళలో నడిచే ఇంగ్లీషు ట్యూషన్లన్నీ ఒళ్ళంతా పూసే అమృతాంజనాలే. పూసినంతసేపూ మండుతుంది, ఏదో వైద్యం జరిగినట్టే ఉంటుంది.

ఇంతకీ ఎట్లా చదివావో చూపించమన్నాను. గైడు తీసింది. ‘మై విలేజ్’ అనే వ్యాసం గడగడా అప్పజెప్పింది, ఒక్క ముక్క తప్పు పోకుండా. ఆ ఊరి చుట్టూ పచ్చటి కొండలు, మామిడి తోపులు, ఏడాది పొడుగునా పారే ఏరు! నల్లరేగడిలో పుట్టి, శనగచేలూ జొన్నచేలూ చూస్తూ పెరిగి, మే నెలలో బిందె పట్టుకుని కొళాయి దగ్గర వంతు కోసం నిలబడే పిల్ల, తన ఊరు అని చెప్పి ఏ కోనసీమనో రాసి వచ్చింది.

“శనగల మాట ఒక్కటీ లేదేమే?” అన్నాను.

“గైడులో లేదు పెద్దమ్మా.”

1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కంపెనీవాళ్ళ ఖజానా మీద పడింది మా ఊళ్ళోనే. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ని ఉరితీసిందీ ఇక్కడే. ఇంగ్లీషువాడికి బెదరని ఊరని మేం చెప్పుకుంటాం. అదే ఊళ్ళో ఇప్పుడు ఇంగ్లీషు వాచకం చూసి పిల్లలు చెమటలు కక్కుతున్నారు. నవ్వుదామంటే నవ్వు రాదు.

ఇక నా సంగతి. పెళ్ళయిన కొత్తలో రెండేళ్ళు ఒక ప్రైవేటు బళ్ళో ఇంగ్లీషు చెప్పాను. చెప్పానంటే ఏముంది, జవాబులు బోర్డు మీద రాసేదాన్ని, వాళ్ళు ఎక్కించుకునేవాళ్ళు, మర్నాడు అప్పజెప్పేవాళ్ళు. నా క్లాసు నూటికి నూరు పాసు. యాజమాన్యం శాలువా కూడా కప్పింది. ఏడెనిమిదేళ్ళ తర్వాత ఒకరోజు బ్యాంకులో ఒకమ్మాయి ఫారం పట్టుకుని నా దగ్గరికొచ్చి, “మేడం, ఇది కాస్త నింపిస్తారా? ఇంగ్లీషులో ఉంది” అంది. ఆ పిల్లకు నేనే 78 మార్కులు తెప్పించాను! శాలువా ఏ పెట్టెలో ఉందో ఇప్పటికీ వెతకబుద్ధి కాదు.

మనం బట్టీ అనేదాన్ని ఎందుకు అంతగా నమ్ముతాం? దానికీ ఒక కారణం ఉంది. మన చిన్నప్పుడు సుమతీ శతకం, వేమన పద్యాలు బట్టీ పట్టాం. అవి నోటికి వచ్చాక ఎప్పుడో ఒకప్పుడు వాటంతట అవే విచ్చుకున్నాయి. ఎందుకంటే తెలుగు మన ఇంట్లో ఉంది, వీధిలో ఉంది, అవ్వ తిట్టే తిట్లలో ఉంది. ఇంగ్లీషు విత్తనం వేస్తే దానికి ఆ తడి ఎక్కడిది? పదును లేని నేలలో శనగ వేసినట్టే. మొలవలేదని విత్తనాన్నో పిల్లనో తిడితే లాభమేమిటి?

ఈ సంగతి మీద చదువుకున్నవాళ్ళు చాలానే తవ్వారు. అమెరికాలో జాన్ ఫ్లావెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనికి ‘మెటాకాగ్నిషన్’ అని పేరుపెట్టి 1979లో పెద్ద వ్యాసమే రాశాడు. పేరు చూసి జడుసుకోకండి. తన ఆలోచన మీద తనే ఒక కన్నేసి ఉంచడం, అంతే. పని మొదలుపెట్టేముందు ఎట్లా చెయ్యాలో అనుకోవడం, చేస్తూ చేస్తూ సరిగ్గా పోతున్నానా అని చూసుకోవడం, అయ్యాక ఎక్కడ చెడిందో పట్టుకోవడం. 1990లో ఓమాలీ, షామో అనే ఇద్దరు ఇంగ్లీషు వంటి పరాయి భాష నేర్చుకునే పిల్లల మీద పుస్తకం తెచ్చారు. ఈ చూపు లేని పిల్లలు ఎన్ని చిట్కాలు నేర్చినా దారి తెలియక నడిచేవాళ్ళేనని వాళ్ళ మాట సారాంశం.

2006లో రోడిగర్, కార్పికే అనేవాళ్ళు చేసిన ప్రయోగం ఇంకా చమత్కారంగా ఉంటుంది. కొందరు కాలేజీ పిల్లలు ఒక పాఠాన్ని పదే పదే చదివారు. కొందరు ఒకసారి చదివి, కాగితం పక్కన పెట్టి, గుర్తున్నంతా రాస్తూ పోయారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే పదే పదే చదివినవాళ్ళదే పైచెయ్యి. వారం తర్వాత పెడితే మూసి రాసినవాళ్ళది. అసలు మెలిక ఇంకోటుంది. “మాకు బాగా గుర్తుంటుంది” అని ఎక్కువ ధీమాగా చెప్పింది ఎవరనుకున్నారు? పదే పదే చదివి వారానికల్లా మరిచిపోయినవాళ్ళే!

బట్టీ చేసే ద్రోహం ఇదేనండీ. రానిదాన్ని వచ్చినట్టు చూపించి పిల్లను నమ్మిస్తుంది. “చదివినావా?” అంటే “చదివినా” అని మన పిల్ల అబద్ధం చెప్పడం లేదు పాపం. నిజంగానే చదివింది. నిజంగానే వచ్చనుకుంటోంది.

ఇదంతా మనకు కొత్తా? జొన్నరొట్టె చేసే ఏ ఆడదాన్నైనా అడగండి. తట్టేటప్పుడు అంచు చీలితే పిండిని తిట్టి ఊరుకోం. నీళ్ళు సరిగా కాగలేదని అక్కడే తెలుస్తుంది. మళ్ళీ వేడినీళ్ళు పోసి మర్దిస్తాం, మరో ముద్ద తీస్తాం. రేపు నీళ్ళు ఇంకాస్త కాగనివ్వాలని మనసులో పెట్టుకుంటాం. ముందు చూపు, మధ్యలో చూపు, వెనక చూపు. మూడూ ఉన్నాయి. ఇదే నేను జాకెట్లావిడకు చెబితే, “ఇంతేనా అక్కా! కుట్టినాక తొడిగి చూస్తే కదా యాడ బిగిసిందో యాడ వదులైందో తెల్సేది” అంది, ఫ్లావెల్ గారి వ్యాసం చదవకుండానే. మరి రొట్టెకూ జాకెట్టుకూ ఉన్న ఈ ఇంగితం పిల్ల చదువు దగ్గరికొచ్చేసరికి ఎందుకు పొయ్యిలో పెడుతున్నాం?

సరే, ఏం చేశామో చెబుతాను. ఒక నోటు పుస్తకం తెచ్చి ప్రతి పేజీకీ మూడు గళ్ళు గీశాం. ‘వచ్చు’, ‘రాదు’, మధ్యలో ‘వచ్చినట్టుంది’. ఏ మాటైనా, ఏ వాక్యమైనా, ఏ ప్రశ్నైనా ముందు ఏ గడిలోదో ఆ పిల్లే రాయాలి. తర్వాత పుస్తకం మూసి తనే తనకు పరీక్ష పెట్టుకోవాలి. నాలుగు రోజులకు దొంగ దొరికాడు. ‘రాదు’ అన్నవాటిలో సగం వచ్చు! సినిమా పేర్లలో, బస్సు బోర్డుల మీద, సబ్బుల కవర్ల మీద ఎన్ని మాటలు తెలుసో తనకే తెలియదు. మునిగిపోయింది మాత్రం ఆ మధ్య గడిలో. మూడుసార్లు చదివిన పేరా మీద పది ప్రశ్నలకు ఎనిమిది రాస్తానంది, మూడు రాసింది. ఆ రోజు ఏడ్చింది కూడా. నేను ఓదార్చలేదు. ఇప్పుడు తెలిసింది కదా, రేపు అంచనా తగ్గించుకో అన్నాను.

తర్వాత పాఠం చదివే పద్ధతి మార్చాం. ముందు ప్రశ్నలు చదవడం. శీర్షిక చూసి ఇందులో ఏముంటుందో తెలుగులోనే ఊహించడం. చదువుతూ చదువుతూ దారి తప్పిన చోట పెన్సిల్‌తో చుక్క పెట్టడం. పేరా అయ్యాక పుస్తకం మూసి, వాళ్ళమ్మకు ఆ కథ చెప్పడం. మిషను తొక్కుతూనే ఆవిడ “తర్వాత?” అనేది. ఎక్కడ “తర్వాత?”కు జవాబు లేదో అక్కడ మళ్ళీ పుస్తకం తెరవాలి. 1984లో పాలిన్సర్, బ్రౌన్ అనే ఇద్దరు ఆడవాళ్ళు చదివింది అర్థం కాని ఏడో తరగతి పిల్లలతో ఇలాంటిదే చేశారు. పిల్లలు వంతులవారీగా టీచరు కుర్చీ ఎక్కాలి. చదివినదాన్ని క్లుప్తంగా చెప్పాలి, ప్రశ్న వెయ్యాలి, అర్థంకాని చోటు విప్పాలి, ముందు ఏమొస్తుందో ఊహించాలి. ఆ పిల్లలు బాగుపడ్డారు. మాకు కుర్చీ బదులు కుట్టుమిషను పక్క పీట, అంతే తేడా.

రాసిన జవాబు దిద్దుకోవడానికి ఆ పిల్ల సొంత తప్పులే పట్టుకున్నాం. లోకంలోని వ్యాకరణమంతా కాదు, మూడే మూడు. ‘షి గో’ అని ఎస్ మింగెయ్యడం, ‘డిడ్ వెంట్’ అనడం, ప్రశ్న సగం చదివి జవాబు మొదలుపెట్టడం. పరీక్షలో ఆఖరి పది నిమిషాలు ఈ మూడు దొంగల్నే వెతకాలి. ‘మై విలేజ్’ కూడా కొత్తగా రాయించాను. “వి గ్రో బెంగాల్ గ్రామ్. వాటర్ ఈజ్ ఎ ప్రాబ్లమ్ ఇన్ సమ్మర్.” చిన్న చిన్న వాక్యాలు, కానీ ప్రతి ముక్కా తనది. అది చదివి మొట్టమొదటిసారి ఆ పిల్ల ఇంగ్లీషు చూసి నవ్వింది.

సప్లిమెంటరీలో 49 వచ్చాయి. గొప్పలు పోవడానికి చెప్పడం లేదు, 49 ఏం గొప్ప? ఇంకో సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం. అదే నెలలో మా పక్కింటి పిల్లవాడికీ ఈ నోటు పుస్తకం అంటగట్టాను. వాడు గళ్ళన్నీ మూడు రంగుల్లో ముచ్చటగా నింపుకొచ్చాడు. తీరా చూస్తే అది కూడా పక్కవాడి పుస్తకంలోంచి ఎక్కించిందే! వాడికి నాతో చదవాలని లేదు, వాళ్ళ నాన్న తోలితే వచ్చాడు. కనుక ఇది మంత్రం కాదు. పుస్తకం ముట్టుకునే తీరిక, అడిగితే విసుక్కోని మనిషి, తప్పు రాస్తే తన్నరనే ధైర్యం, ఇవి లేనిచోట ఏ ఉపాయమూ పారదు. బాగా చదివే పిల్లలకు ఈ అలవాట్లు ఉంటాయంటే, వాళ్ళకు ఆ తీరికా ధైర్యమూ ముందే ఉండి ఉండొచ్చు కదా అని ఎవరైనా అడిగితే ఒప్పుకుంటాను. మా పిల్ల పొద్దున లేచి కసువు ఊడ్చి, నీళ్ళు మోసి, తమ్ముడికి తలదువ్వి అప్పుడు పుస్తకం తీస్తుంది. తమ్ముడు నిద్ర లేవడమే ఎనిమిదింటికి.

మరి పెద్దలు ఏం చేస్తున్నారంటారా? మీడియం గురించి కొట్లాడుతున్నారు. 2019 నవంబరులో సర్కారు బళ్ళలో ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు మీడియమన్నారు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోలు కొట్టేసింది. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. 2023లో టోఫెల్ అన్నారు, 2024లో ప్రభుత్వం మారాక ఆ మాటా మారింది. తెలుగు చచ్చిపోతుందని ఒకరు, ఇంగ్లీషు లేకపోతే బీదపిల్లల గతేమిటని ఒకరు. ఇద్దరి మాటలోనూ నిజముంది. కానీ ఏ మీడియంలో కూర్చోబెట్టినా “నీకేం రాదమ్మా?” అని అడిగే నాథుడు లేకపోతే, పిల్ల ఒక భాషలో బట్టీ పట్టేది రెండో భాషలో పడుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. తనకేం రాదో ఆలోచించుకోవడానికి పిల్లకు తెలుగు కావాలి. మా పీట దగ్గర చర్చంతా తెలుగులోనే నడిచింది. క్లాసులో తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బళ్ళు ఈ ఒక్క దారిని కూడా మూసేస్తున్నాయి.

పరాయి భాష నేర్చినవాణ్ణి చూడాలంటే మనకు అమెరికా దాకా ఎందుకు, పక్కనే కడప ఉంది. 1820లో అక్కడికి ఉద్యోగానికొచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌కు తెలుగు పరాయిదే. (పాలిన్సర్ పక్కనున్న బ్రౌన్ వేరు, ఈ బ్రౌన్ వేరు, కలిపేసుకోకండి.) 1829లో వేమన పద్యాలు ఇంగ్లీషు చేసి అచ్చు వేయించాడు, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. నిఘంటువంటే ఏమిటండీ? రాని మాట రాదని ఒప్పుకుని, కాగితం మీద పెట్టి, నలుగుర్నీ అడిగి, సరిచూసి, మళ్ళీ దిద్దుకోవడమే కదా! ఆయనకు జీతమిచ్చి పెట్టుకున్న పండితులున్నారు, మా పిల్లకు లేరు. నిజమే. కానీ తెలియదని ఒప్పుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు. మన పిల్లలు సిగ్గుపడతారు. ఎందుకంటే తెలియదన్న ప్రతిసారీ మనం వాళ్ళ నెత్తిన మొట్టికాయ వేశాం.

అందుకే తల్లుల మీద నా ఫిర్యాదు. పరీక్ష పేపరు ఇంటికొస్తే మార్కు చూసి సంతకం పెడతాం, లోపల ఎర్ర సిరా ఎక్కడుందో చూడం. “మనకు ఇంగ్లీషు రాదు కదా” అంటాం. రాకపోతేనేం? జాకెట్లావిడకు వచ్చా? “ఈ తప్పు ఎందుకు పోయింది? నీకు ఎన్ని వస్తాయనుకున్నావు? ఎన్ని వచ్చాయి?” ఈ మూడు ప్రశ్నలడగడానికి ఏ ఇంగ్లీషూ అక్కర్లేదు. ఇక బళ్ళ సంగతి. ప్రాజెక్టు వర్కులని పెడితే అంగట్లో రెడీమేడ్‌గా దొరికే కాలమిది. రేపు పొరపాటున ఈ మెటాకాగ్నిషన్‌ను సిలబస్‌లో పెట్టారనుకోండి, వారం తిరక్కముందే నంద్యాలలో దానికీ గైడు దిగుతుంది. పిల్లలు ‘నాకేం రాదు’ అనే వ్యాసం కూడా బట్టీ పడతారు!

ఆ పిల్ల ఇప్పుడు ఊళ్ళో ఇంటర్లో చేరింది. ఆళ్ళగడ్డ సంబంధం పోలేదు, అట్లాగే వేలాడుతోంది. పోయిన నెల ఒక బళ్ళో తల్లిదండ్రుల సమావేశానికి పోయి, “వారానికొక గంట పిల్లల్ని తమ పేపరు తాము దిద్దుకోనివ్వండి సార్” అని అడిగాను. ఆయన నవ్వి, “అట్లా అయితే సిలబస్ ఎప్పుడవుతుందమ్మా?” అన్నారు. ఒక్కదాన్నే ఉన్నాను కనుక నవ్వారు. వచ్చే నెల సమావేశానికి జాకెట్లావిడ కూడా వస్తానంది. ఆ రోజుకు మిషను మూసేస్తుందట.